నీలి అట్ట పుస్తకానికి రెండో వైపు

దినం 1, సోమవారం

ఈ దినచర్యను నా పుస్తకం వెనక వైపు నుంచి రాస్తున్నాను. ముందు వైపంతా ప్రార్థన విన్నపాలే. సముద్రం మీద తేలే మా ఊళ్ళో, ఈ రెండో తెప్ప మీద కాగితం దొరకడం గగనం కాబట్టి ఉన్న ఒక్క పుస్తకాన్నే తిరగేసి వాడుకోవాలి. నీలి అట్ట, రబ్బరు పట్టీ. పదకొండేళ్ళుగా నా చంకలోనే ఉంది.

నా పేరు దైవసహాయం. ఏ పాఠశాలా నన్ను బోధకుణ్ణి చేయలేదు. కింది ఊరు సముద్రంలో మునిగిన రోజు పడవలో నా చేతికి దొరికింది లేఖనాల పుస్తకం ఒక్కటే. తడిసిన పేజీలను ఎండలో ఆరబెట్టుకుంటూ చదివాను. ఆరిన పేజీ ఆరినట్టే కంఠస్థం అయింది. అప్పటి నుంచి తెప్ప మీద ఆదివారం మైకు నాది.

ఈ పొద్దున తెప్ప అడుగున గుల్లలు గీకే వంతు నాదీ, సొంత పడవ నడుపుకునే సింహాద్రిదీ. నడుము లోతు నీళ్ళలో ఉండగానే ఒడ్డు నుంచి జరీనా మేడమ్ దిగింది. ఆరోగ్య మండలి ఆమెను పంపింది.

"మీ మణికట్టు పట్టీలు ఒంట్లో ఉప్పెంతో, రక్తంలో మురికెంతో అన్నీ ఒడ్డుకి చెప్తున్నాయండీ" అందామె. "ఈ తెప్ప మీద మూత్రపిండాలు పాడైనవాళ్ళు పన్నెండు మంది. వడపోత పడవలో కుర్చీలు పన్నెండు. శనివారం రక్తం వడకట్టించుకోడానికి ముగ్గురు వస్తున్నారు. మిగతావాళ్ళు ఎందుకు రావట్లేదో ఏ పట్టీ చెప్పట్లేదు. మనుషుల్ని అడగాలి."

"అడక్కపోతే ఏటవుద్ది?" అన్నాడు సింహాద్రి.

"ఇంకా మూడు శనివారాలు గడువు. ఆ మూడోదానికైనా సగం కుర్చీలు నిండకపోతే పడవని ఐదో తెప్పకి పంపేస్తారు."

ఐదో తెప్ప రెండు రోజుల దూరం. అంత ప్రయాణం జబ్బు మనిషి తట్టుకోలేడు. పన్నెండు ప్రాణాలు! నా రక్తం ఉడికింది. నీళ్ళలోనే చెయ్యెత్తి, "మేడమ్, ఈ పని నాకు ఇవ్వండి! ఈ మందలో నాకు తెలియని గొర్రె లేదు" అన్నాను.

"గుల్లలు నామీద పడతన్నాయి, సెయ్యి దించండి అయ్యగారూ" అన్నాడు సింహాద్రి.

ముగ్గురం కలిసి వినికిడి బృందం అయ్యాం.

దినం 2

మేడమ్ మాకు తలొక అద్దం ఇచ్చింది. పేరుకే అద్దం, చూడబోతే కాలరుకు తగిలించుకునే గుండీ అంత యంత్రం. పెట్టుకున్నవాడి గొంతు తప్ప ఇంకెవరి గొంతూ అందులో పడదు. జబ్బు మనుషుల మాటల్ని యంత్రాల్లో దాచి ఎవరెవరో వాడుకున్న రోజులు పోయాక వచ్చిన చట్టమట. అవతలి మనిషి చెప్పింది మనసులో పెట్టుకొచ్చి చేత్తో రాసుకోవాలి. అంతకంటే ముందు ఒక పేజీ మన గురించి రాసుకోవాలి.

"మన గురించి ఏం రాస్తాం మేడమ్?" అన్నాను.

"మీరెవరని ఆమె అనుకుంది, మీరు ఏం వినాలని వెళ్ళారు, మీ ముఖం చూసి ఆమె ఏం మింగేసింది. అది."

"మా ఆవిడ నన్ను రోజూ అడుగుద్ది మేడమ్ ఇదే" అన్నాడు సింహాద్రి.

దినం 3

మొదట సువార్తమ్మ దగ్గరికి వెళ్ళాను. రేవు దగ్గర నాచుపిండి అట్లు వేస్తుంది. తెప్పలో సగం మంది పొద్దుటి ఆకలి ఆవిడ పెనం మీదే తీరుతుంది. కింది ఊళ్ళో నన్ను చంకన వేసుకు తిరిగిన మనిషి. "ఒరే సహాయం" అని పిలిచేది. నేను మైకు పట్టుకున్న నాటి నుంచి "అయ్యగారూ" అంటుంది. అది నాకిచ్చిన గౌరవం అనుకున్నాను.

నన్ను చూసి చేతులు తుడుచుకుంది. "వందనాలండి అయ్యగారూ."

పుస్తకం తీశాను. రబ్బరు పట్టీ టప్పున మోగింది. ఆవిడ కొంగు కిందికి లాక్కుని పాదాలు కప్పుకుంది. అవి పొంగి ఉన్నాయి, నేను చూశాను.

పడవ ఎందుకెక్కడం లేదని అడిగాను. "అంతా దేవుడి కృపండి" అంది. ఒంట్లో ఎలా ఉందంటే, "ఆయన చిత్తమండి" అంది. ఇంకోటి అడిగేలోపు, "అట్టు తింటారా?" అంది.

గంట కూర్చున్నాను. రెండు అట్లు తిన్నాను. కారణం నాకు స్పష్టమైంది: అవిశ్వాసం. తెప్పంతా ఆత్మీయ నిద్రలో ఉంది!

నా గురించి పేజీ: నేను దైవసేవకుణ్ణి. అందరి మేలు కోరేవాణ్ణి. రాయడానికి ఇంకేమీ లేదు.

దినం 5, శుక్రవారం

సాయంత్రం అద్దాలు వినే కూడిక. పడవల షెడ్డులో ముగ్గురం నులకమంచం మీద కూర్చున్నాం. ముందు నాది పెట్టారు.

సువార్తమ్మ గొంతు ఎటూ ఉండదు. నా గొంతొక్కటే ఇలా వినపడింది:

"వందనాలు తల్లీ! ... కృప సరే, నీ విశ్వాసం ఏమైంది? ... భయపడుతున్నావు కదూ? ... అవునా కాదా? ... అవును అని నీ ముఖమే చెబుతోంది! ... వాక్యం ఏం సెలవిస్తోంది? ... నేను చెబుతాను విను..."

వాక్యం ఏం సెలవిస్తోందో పద్దెనిమిది నిమిషాలు చెప్పాను. సింహాద్రి మంచం మీద దొర్లాడు.

"ఏటి అయ్యగారూ, ప్రశ్నలడిగేరా, బాప్తిస్మం ఇచ్చేరా?"

"మీ అద్దంలో ఖాళీ ఉన్నంత సేపే ఆమె మాట్లాడినట్టు" అంది మేడమ్ మెల్లగా. "గంటలో నాలుగు నిమిషాలు. అందులో అట్టు నమిలిన చప్పుడు తీసేయాలి."

కోపం వచ్చింది. తరవాత సింహాద్రి అద్దం వినపడేసరికి చల్లారింది. ఏడుగురిని కలిశాడు. ఏడుగురినీ అడిగింది ఒకటే: "పడవ టైము బాగులేదు కదా మావా? ఆ తొక్కలో టైముకి ఎవుడొస్తాడు?"

"పడవ టైములు వేసే గుమాస్తాకీ నీకూ పడదు కదూ తమ్ముడూ?" అన్నాను.

"ఆడి మాట నా దగ్గర ఎత్తకండి" అన్నాడు.

దినం 6, శనివారం

పడవ వచ్చింది. ప్రతి శనివారంలాగే రేవు మెట్ల మీద పుస్తకంతో నిలబడ్డాను. ఎక్కినవాళ్ళు ముగ్గురు. పేర్లు రాసుకున్నాను. సువార్తమ్మ రాలేదు.

దినం 12, శుక్రవారం

ఈ వారం తెప్పంతా తిరిగాం. సాయంత్రం కూడికలో ఎవరికి దొరికిన కారణం వాళ్ళం చెప్పాం. నాది అవిశ్వాసం. సింహాద్రిది పడవ టైము. జరీనా మేడమ్‌ది సూదినొప్పి.

"మేడమ్‌ది శాస్త్రం. మనవి సొంత గోల" అని సింహాద్రి ఒప్పేసుకున్నాడు.

మేడమే ఒప్పుకోలేదు. తన అద్దం తనే పెట్టింది. "నొప్పిగా ఉంటుందా? ... సూది గుచ్చినప్పుడా? ... చాలా నొప్పా?" ఒక్క ఇంట్లో పంతొమ్మిది సార్లు. ఆపేసి తన చెయ్యి చూసుకుంది.

"మా అమ్మ ఇలాంటి కుర్చీలోనే పోయింది" అంది. "చివరి రోజు నొప్పిగా ఉందని చెప్తే, కాసేపే కదమ్మా అన్నాను. నేను వీళ్ళని అడగట్లేదు. మా అమ్మని అడుగుతున్నాను."

సింహాద్రి లేచి వెళ్ళి ఆమెకు టీ తెచ్చాడు. అందులో చక్కెర మర్చిపోయాడు. ఆమె అలాగే తాగేసింది.

ముగ్గురం ఊరంతా తిరిగి మా ముఖాలే తెచ్చుకున్నాం. పన్నెండు మంది ముఖాలు ఇంకా చూడనే లేదు. అయినా నాకు ఒక సందేహం ఉండిపోయింది. వాళ్ళిద్దరి విషయంలో సరే. నాది మాత్రం వాక్యానుసారమైన కారణం కదా!

దినం 13, శనివారం

పడవ ఎక్కినవాళ్ళు ఇద్దరు.

పడవ వెళ్ళిన గంటకు సువార్తమ్మ పెనం దగ్గర కూలబడింది. అట్టు మాడిన వాసన వచ్చి చుట్టుపక్కలవాళ్ళు పరుగెత్తారు. ఊపిరి అందడం లేదు. కాస్త తేరుకున్నాక చుట్టూ చూసి నన్ను గుర్తుపట్టింది. "పెనం వేడికండి అయ్యగారూ, ఇంకేం లేదండి" అంది. ఆ కళ్ళలో ఉన్న భయం చావును చూసిన భయం అనుకున్నాను. నేనెటు కదిలితే అటే తిరిగాయి ఆ కళ్ళు.

ఇంకో శనివారమే మిగిలింది.

దినం 14, ఆదివారం

ఇవాళ అగ్నిలా బోధించాను. నాలుగు దిక్కుల మైకులు గజగజలాడాయి. తరవాత సువార్తమ్మ కోసం కన్నీళ్ళతో ప్రార్థించాను. ఆవిడ పాదాల వాపు, ఆయాసం, రక్తంలోని మురికి, ఒక్కటి వదలకుండా దేవుని సన్నిధిలో పెట్టాను.

ఇంటికొచ్చి చొక్కా విప్పబోతే కాలరుకు అద్దం! తీయడం మర్చిపోయాను. మొత్తం పట్టేసింది. మొదట కంగారుపడ్డాను. ఆలోచిస్తే ఇది దైవ సంకల్పం. జరీనా మేడమ్ ఆదివారాలు ఒడ్డుకు వెళ్ళిపోతుంది. సింహాద్రి, మైకు మొదలవగానే పడవ ఇంజిను వేసుకుంటాడు. ఆ ఇద్దరూ నా ఆరాధన ఒక్కసారీ వినలేదు. రేపు వినిపిస్తాను.

దినం 15, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

షెడ్డులో నా అద్దం నేనే పెట్టాను. "వినండి, మీ ఇద్దరికీ మేలు కలుగుతుంది" అన్నాను. బోధ అంతా ఓపిగ్గా విన్నారు. ప్రార్థన విన్నపాలు మొదలయ్యాయి. నా గొంతు ఒక్కొక్క పేరే చదువుతోంది. "శనివారం పడవ ఎక్కిన మన సహోదరుడు పుల్లేశు మూత్రపిండాల కొరకు... అదే పడవ ఎక్కిన నాగరత్నమ్మ గారికి రాత్రిళ్ళు పక్క తడవకుండా ఉండే కృప కొరకు..."

సింహాద్రి నోరు తెరిచాడు.

"ఓలమ్మో! నాగరత్నమ్మ పక్క సంగతి తెప్పంతా ఇన్నాదా?"

"ప్రార్థన కోసమే చదివాను" అన్నాను.

మేడమ్ యంత్రం ఆపింది. "దైవసహాయం గారూ, ఈ పేర్లు మీకెక్కడివి?"

"శనివారం రేవులో నిలబడి రాసుకుంటాను."

"ఎందులో?"

నీలి పుస్తకం ఎత్తి చూపించాను.

"మరి మనం ప్రశ్నలు అడగడానికి ఇళ్ళకి వెళ్ళినప్పుడు, వాళ్ళ ముందు మీరు తీసే పుస్తకం..."

సింహాద్రి నా చేతిలోని పుస్తకాన్ని మెల్లగా తిప్పాడు. ముందు వైపు, వెనక వైపు, మళ్ళీ ముందు వైపు. రబ్బరు పట్టీ టప్పున మోగింది. సువార్తమ్మ పాదాలు కప్పుకున్నది ఆ చప్పుడుకే.

ఒక ప్రవక్త రాజు దగ్గరికొచ్చి, పేదవాడి గొర్రెపిల్లను ఎత్తుకుపోయిన ధనవంతుడి కథ చెప్పాడు. రాజు మండిపడి, ఎవడా దుర్మార్గుడని అడిగాడు. ఆ మనిషివి నువ్వేనన్నాడు ప్రవక్త. ఈ భాగం మీద ఎన్నోసార్లు బోధించాను. ప్రతిసారీ ప్రవక్త గొంతుతోనే చదివాను. రాజు చోట ఎప్పుడూ నిలబడలేదు.

తలుపు వేసుకుని రహస్యమందు ప్రార్థించమన్న మాట కూడా నాకు కంఠస్థమే. దాన్నీ మైకులోనే చెప్పాను.

"మనకింకా తెలిసింది ఏమీ లేదు" అంది జరీనా మేడమ్. "ఇది కూడా ఊహే. ఆమెను అడగాలి. ఈసారి అడక్కుండా అడగాలి."

నీళ్ళలో బరువు పట్టుకున్నట్టు రెండు చేతులతో నా పుస్తకం తీసుకున్నాడు సింహాద్రి. "నా దగ్గరుంటాది. ఎల్లండి అయ్యగారూ."

వాక్యంలో ఒకచోట దేవదూతను ప్రవక్త కంటే ముందు అతని గాడిద చూసింది. సింహాద్రి గురించి ఆ పోలిక ఇక్కడ రాద్దామనుకున్నాను. ఈ పూట ఎవరు గాడిదో తేలిపోయింది కాబట్టి మానేశాను. (ఈ దినచర్య రాసుకోడానికి మాత్రం సాయంత్రం పుస్తకం ఇస్తానన్నాడు.)

దినం 16

బూడిదలో కూర్చున్న ఒక రోగి దగ్గరికి స్నేహితులు వచ్చి ఏడు రోజులు నోరెత్తకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని ఆ ఏడు రోజులే. నోరు తెరిచాక అంతా చెడగొట్టారు. దారి పొడవునా అదే తలుచుకుంటూ వెళ్ళాను.

సువార్తమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. పెనం చల్లగా ఉంది. నేను కింద కూర్చున్నాను.

"పుస్తకమేదండి?" అంది.

"సింహాద్రి దగ్గర."

"మెడ దగ్గరి గుండీ?"

"ఇంట్లో పెట్టొచ్చాను."

తరవాత నేను మాట్లాడలేదు. అంత కష్టమైన పని నా జన్మలో చేయలేదు. నాలుక కిందికి వచ్చిన వచనాలను లెక్కపెట్టి మింగాను. ఆవిడ నన్ను చూసింది, గోడను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. బయట అలలు తెప్పను రెండు మూడు సార్లు ఎత్తి దించాయి.

"ఒంట్లో బాగాలేదా నీకు?" అంది చివరికి.

తల అడ్డంగా ఊపాను.

"ఒరే సహాయం."

ఎన్నేళ్ళయింది ఆ పిలుపు విని! మంచానికి దగ్గరగా జరిగాను.

"పోయిన వానల్లో నేను పడవెక్కానా. మర్నాడు నువ్వు మైకులో నా రక్తం గురించి ఒకటే మొత్తుకున్నావు. సోమవారం పిండి సగం మిగిలింది. కొన్న నలుగురూ అట్టు తిప్పి తిప్పి చూసుకుని తిన్నారు, నా రక్తమేదో అందులో కారినట్టు. పడవెక్కకపోతే నీ పుస్తకంలో పేరు పడదు. అందుకని మానేశాను. పుల్లేశుకి పడవ మీద కూలి పని పోయింది, నాగరత్నం గడప దాటడం మానేసింది. అందరిదీ అదేరా."

"నాతో చెప్పొచ్చుగా అక్కా."

"ఎవరితో చెప్పమంటావు? చెప్తే వచ్చే ఆదివారం నా తలపొగరు పోవాలని ఇంకో ప్రార్థన పెడతావు. మంచోడివిరా నువ్వు. అదే చిక్కు. చెడ్డోడివైతే ఎప్పుడో తిట్టేవాళ్ళం."

ఇద్దరం ఏడ్చాం. ముందు ఎవరు మొదలుపెట్టామో రాయను.

దినం 17, బుధవారం

సాయంత్రం ఉపవాస కూడిక. మైకు ముందు నిలబడ్డాను. "ఎవరు ఏం చెప్పారో ఒక్క ముక్క బయట పడకూడదు. మీ గురించి ఎంతైనా చెప్పుకోండి" అని మేడమ్ గట్టిగా హెచ్చరించింది.

"ప్రియులారా! ఈ రోజు విన్నపం ఒక్కటే" అన్నాను. "మీ సేవకుడు దైవసహాయానికి ఆరేళ్ళుగా మూలశంక ఉంది."

మైకు ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను.

"కూర్చోలేకే నిలబడి బోధిస్తున్నాడు! ఆ బాధ ఎక్కువైన ఆదివారాల్లో మీ మీద ఎక్కువ మండిపడ్డాడు! ఒడ్డు మందు రాసుకోవడం సిగ్గనిపించి దాచుకున్నాడు! ఎదుటివాడి జబ్బుకి మైకు, తన జబ్బుకి మూత!"

ముందు ఎవరో ఒక స్త్రీ కిసుక్కున నవ్వింది. తరవాత పక్క వీధి. తరవాత నాలుగు దిక్కులా. సింహాద్రి మొట్టమొదటిసారి ఇంజిను ఆపి విన్నాడు. నాకు చెవులు కాలిపోయాయి. తన పేరు ఆ రేకు గొట్టంలోంచి బయటికి వస్తే మనిషికి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"మీ పేర్లు చదివాను. మిమ్మల్ని అడగలేదు. క్షమించండి. ఇక ఈ మైకులో నా జబ్బు తప్ప ఎవరి జబ్బూ వినపడదు. ఆమేన్."

రాత్రికి పుస్తకం ముందు భాగం అంతా చింపి, ఎవరి పేరున్న కాగితం వాళ్ళ గుమ్మంలో మడిచి పెట్టొచ్చాను. ఇప్పుడు ఈ పుస్తకానికి మిగిలింది ఈ వైపే.

దినం 19

నివేదిక ముగ్గురం కలిసి రాశాం. మొదటి పేజీలో మా ముగ్గురి గురించే ఉంది: తల్లిని వెతుక్కున్న ఒకామె, గుమాస్తా మీద కోపంతో తిరిగిన ఒకడు, మైకు పట్టుకున్న ఒకడు. ఎవరి పేరూ లేకుండా, ఎవరి జబ్బూ తెలియకుండా, జనం చెప్పింది రెండో పేజీ నుంచి మొదలవుతుంది. నా పేజీ ఈసారి మూడు వాక్యాలతో ఆగలేదు. మేడమ్ కాగితాలు అడిగి తెప్పించాల్సి వచ్చింది.

"మండలి చూసేది కుర్చీలనే" అంది ఆమె. "కనీసం ఆరు నిండాలి. రేపు మీరు రేవు దగ్గర కనపడకూడదు."

దినం 20, శనివారం

తలుపు వేసుకుని గదిలో కూర్చున్నాను. పొద్దున్నే పడవ కూత వినపడింది. కిటికీలోంచి రేవు కనిపిస్తుంది కాబట్టి దానికి దుప్పటి కట్టుకున్నాను. పెదవి కదపకుండా ప్రార్థించాను. పేర్లు చెప్పకపోయినా ఆయనకు తెలుసు.

రెండోసారి కూత వచ్చింది. పడవ కదిలిందన్నమాట. కాసేపటికి తలుపు చప్పుడైంది. సింహాద్రి. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు దొంగ వెధవ.

"ఎంతమంది?" అన్నాను.

"ఐదుగురు."

గోడకు జారగిలబడ్డాను. ఐదుగురు! ఒక్క మనిషి తక్కువ!

"రేవులో పడవ తాడు నేనే ఇప్పేసినాను అయ్యగారూ. అప్పుడొచ్చింది మెట్లు దిగుతా, ఒక చేత్తో పుల్లేశుని పట్టుకోని, ఒక చేత్తో గిన్నె పట్టుకోని. 'ఆపరా సచ్చినోడా' అంది నన్ను. ఆపకేం సేస్తాను? ఇద్దరూ ఎక్కేరు. ఏడు."

వెళ్ళి కిటికీకి కట్టిన దుప్పటి విప్పేశాను.

"ఇది మీకిమ్మంది" అని చేతిలో పొట్లం పెట్టాడు.

విప్పాను. వేడి అట్టు. చుట్టిన కాగితం నాదే, నీలి పుస్తకంలోంచి చింపి ఆవిడ గుమ్మంలో పెట్టిందే. సువార్తమ్మ పేరు మీదా, పాదాల వాపు మీదా, రక్తం మీదా నూనె పాకి నా అక్షరాలు ఒక్కటీ కంటికి ఆనడం లేదు.

"ఏమైనా చెప్పమందా?"

"సెప్పమంది" అన్నాడు సింహాద్రి, నవ్వు ఆపుకోలేక. "'ఆడి మూలశంకకని కారం తక్కువేసాను, మైకులో సెప్పొద్దను' అంది."